బంతి వెంట, జట్టు వెంట

2023 జులై 25న, అమెరికాలో, నార్త్ కరోలినాలోని మా క్యారీని ఆనుకుని ఉన్న మారిస్‌విల్‌లో, చర్చ్ స్ట్రీట్ పార్కు మైదానంలో హైన్రిక్ క్లాసెన్ 44 బంతుల్లో 110 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. మేజర్ లీగ్ క్రికెట్‌కి అది తొలి ఏడాది, ఆ లీగ్‌లో అది తొలి సెంచరీ. సియాటిల్ ఆర్కాస్ 195 కొట్టాలి, ఎదురుగా ఎంఐ న్యూయార్క్. రషీద్ ఖాన్ వేసిన ఒక్క ఓవర్లోనే 26 పరుగులు వచ్చాయి. ఆ ఓవర్ వీడియో ఎవరైనా ఎప్పుడైనా చూసుకోవచ్చు. అందులో బంతి ఉంటుంది, బ్యాటు ఉంటుంది, గాల్లోకి లేచిన బంతి వెంట కెమెరా పరుగు ఉంటుంది. స్టాండులో కూర్చున్న మాకు కనబడింది వేరు. ఒక్కో దెబ్బకీ న్యూయార్క్ ఫీల్డర్లు మళ్లీ తమ చోటికి ఎలా నడిచి వెళ్లారో చూశాం. బౌండరీ దగ్గరున్నవాడు ఇంకా వెనక్కి జరగబోయి, మడమకు తాడు తగిలి ఆగడం చూశాం. పదకొండు మంది ఉన్న జట్టు మా కళ్ల ముందే కాసేపు విడివిడి మనుషులైపోయి, ఓవర్ అవగానే మళ్లీ ఒకచోట చేరింది.

అంతకు రెండు నెలల ముందు, మే 18న, ఇదే క్లాసెన్ ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున బెంగళూరు మీద 104 కొట్టాడు. దాన్ని మేం ఇక్కడ పొద్దున పూట టీవీలో చూశాం. జులైలో అదే మనిషి మా ఇంటికి పది నిమిషాల దూరంలో బ్యాటు పట్టుకుని నడిచివచ్చాడు. స్టాండ్లలో నారింజ రంగు సన్‌రైజర్స్ చొక్కాలు కనబడ్డాయి. సియాటిల్ జట్టుకి సన్‌రైజర్స్ చొక్కా ఏమిటని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆట చూడటంలో రెండు రకాలున్నాయని నేను నమ్ముతాను. టీవీ బంతి వెంట పోతుంది. మైదానంలో కూర్చున్నవాళ్లు జట్టు వెంట పోతారు. క్యారీలో మా తరం తెలుగువాళ్లు ఈ రెండింటినీ తలకిందుల వరుసలో అనుభవించాం. చిన్నప్పుడు మైదానం, తర్వాత చాలా ఏళ్లు ఉత్త తెర, మళ్లీ యాభై దగ్గరపడ్డాక మైదానం. ఆ వరుసనే ఇక్కడ రాస్తున్నాను.

నాకు మైదానం అంటే మొదట హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియం. మా నాన్న తరానికి అది ఫతే మైదాన్. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో అక్కడ జరిగిన మొట్టమొదటి టెస్టులో పాలీ ఉమ్రీగర్ 223 చేశాడు. టెస్టుల్లో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అది. ఆ మ్యాచ్‌కి వెళ్లినవాళ్లు మా చిక్కడపల్లిలో ఒకరిద్దరు ఉండేవాళ్లు. ఉమ్రీగర్ కొట్టిన షాట్ల గురించి వాళ్లు చెప్పింది తక్కువ. ఎండ ఎటు నుంచి పడేది, ఏ వైపు కూర్చుంటే సుభాష్ గుప్తే లెగ్‌స్పిన్ తిరగడం తెలిసేది, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లేవరకూ సీటు ఎవరు కాపాడారు, ఇవే చెప్పేవాళ్లు. స్టేడియానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు 1967లో పెట్టారు. పేరు మారినా వాళ్ల నోట చివరిదాకా ఫతే మైదానే.

నేను లోపల కూర్చుని చూసిన మొదటి పెద్ద మ్యాచ్ 1987 మార్చి 20న జరిగిన భారత్-పాకిస్తాన్ వన్డే. ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డా నాన్న తీసుకెళ్లారు. బషీర్‌బాగ్ వైపు నుంచి నడిచి వెళ్లి, పెద్ద క్యూలో నిలబడి, సిమెంటు గట్టు మీద పేపరు పరుచుకుని కూర్చున్నాం. మన జట్టు ఆరు వికెట్లకు 212. రవిశాస్త్రి, కపిల్‌దేవ్ కలిసి నిలబెట్టిన స్కోరు అది. పాకిస్తాన్ ఆఖరి బంతికి రెండు పరుగులు తీయాలి. ఒకటి తీశారు, రెండోదానికి పరుగెత్తుతూ అబ్దుల్ ఖాదిర్ రనౌట్ అయ్యాడు. పాకిస్తాన్ ఏడు వికెట్లకు 212. స్కోర్లు సమానం. మైదానంలో ఉన్న మాకు ఎవరు గెలిచారో కాసేపు తెలియలేదు. మా వెనక వరుసలో ఒకాయన టై అన్నాడు, ఇంకొకాయన తక్కువ వికెట్లు పోగొట్టుకున్నవాళ్లదే గెలుపన్నాడు, నలుగురు చేరి వాదించుకున్నారు. రెండో ఆయన చెప్పిందే నిజం, భారత్ గెలిచింది. ఇంటికి వెళ్లేసరికి అమ్మ, "మీకంటే ముందే మాకు తెలిసింది, టీవీలో వెంటనే చెప్పేశారు" అంది. నాన్న చెప్పులు విప్పుతూ, "మేం తెలుసుకోడానికి పోలేదులే, చూడటానికి పోయాం" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

టీవీని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1983 జూన్ 25న లార్డ్స్‌లో వెస్టిండీస్‌ని ఓడించి కపిల్‌దేవ్ కప్పు పట్టుకున్న రాత్రి, మా ఇంటి ఓనరుగారి ముందుగదిలో బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు వీధి వీధంతా కూర్చుంది. గుమ్మంలో నిలబడినవాళ్లకి వినబడటమే తప్ప కనబడలేదు. అయినా ఎవరూ కదల్లేదు. ఆ టీవీ లేకపోతే నాకు ఆ రోజు లేదు. అయితే అదే ప్రపంచకప్‌లో వారం ముందు, జూన్ 18న, టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద మన జట్టు 17 పరుగులకే ఐదు వికెట్లు పోగొట్టుకున్నాక కపిల్ ఆడిన 175 నాటౌట్ ఏ తెర మీదా లేదు. ఆ రోజు బీబీసీ కెమెరాలు అక్కడ లేవు. ఆ ఇన్నింగ్స్ ఆ చిన్న మైదానం చుట్టూ కూర్చున్నవాళ్ల కళ్లలోనే మిగిలింది. మనకి దక్కింది స్కోరుబోర్డు, కొన్ని ఫొటోలు, వాళ్లు చెప్పిన మాటలు.

ఆ రోజుల్లో దూరదర్శన్ కెమెరా చాలా మైదానాల్లో ఒకే చివర ఉండేది. ఒక ఓవర్ బౌలర్ వెనక నుంచి, తర్వాతి ఓవర్ వికెట్‌కీపర్ వెనక నుంచి కనబడేది. సగం ఆట వీపుల వెనక జరిగేది. కాబట్టి టీవీ చూసేవాళ్లు పక్కన ట్రాన్సిస్టర్ పెట్టుకునేవాళ్లు, మైదానానికి వెళ్లేవాళ్లు కూడా చంకలో ట్రాన్సిస్టర్‌తోనే వెళ్లేవాళ్లు. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ స్కోరు వినేవాళ్లది ఇంకో గుంపు. చూడటం, వినడం, వెళ్లడం ఒకదాన్ని ఒకటి మింగకుండా పక్కపక్కనే బతికిన కాలం అది.

దాన్ని మార్చింది డబ్బు. ఒకప్పుడు మ్యాచ్ ప్రసారం చేయాలంటే దూరదర్శన్‌కి క్రికెట్ బోర్డే డబ్బు కట్టాల్సిన పరిస్థితి. 1993 నవంబరులో హీరో కప్ జరిగినప్పుడు బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కుల్ని ఒక విదేశీ సంస్థకి అమ్మింది. ప్రభుత్వం అడ్డుపడింది, గొడవ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1995 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అనీ, ప్రసారం మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదనీ తేల్చింది. అప్పటి నుంచి మైదానంలో టికెట్ కొని కూర్చున్నవాడు ఆటకి ప్రధాన గిరాకీ కాకుండా పోయాడు.

ఇది క్రికెట్ ఒక్కదాని కథ అనుకోకండి. ఇంగ్లండ్ ఉత్తరాన గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఆట రగ్బీ లీగ్. శనివారం ఆడితే పోయే కూలి ఇవ్వాలని వాళ్లు అడిగితే రగ్బీ యూనియన్ ఒప్పుకోలేదు. 1895లో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో క్లబ్బులన్నీ చేరి విడిపోయాయి. వందేళ్లు చలికాలంలో ఆడిన ఆ ఆట, 1996లో స్కై టీవీ డబ్బు రాగానే వేసవికి మారిపోయింది. ఆ ఒప్పందంతో పాటే పక్కపక్క ఊళ్ల జట్లను కలిపేయాలన్న ప్రతిపాదన వచ్చింది. క్యాజిల్‌ఫోర్డ్, వేక్‌ఫీల్డ్, ఫెదర్‌స్టోన్ మూడూ ఒకటే జట్టు కావాలన్నారు. జనం మైదానాల్లోకి వచ్చి నిరసన తెలిపారు, ప్రతిపాదన వెనక్కిపోయింది. తెర మీద చూసేవాడికి మూడు జట్లయినా ఒకటయినా ఆట ఆటే. గట్టు మీద నిలబడి తాత, తండ్రి, తను చూసినవాడికి అలా కాదు. ఆ ఊళ్ల వాళ్ల కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది.

నేను క్యారీకి 1999 శరదృతువులో వచ్చాను. ఊరి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. రైలు మార్గం మీద ఫ్రాంక్ పేజ్ అనే ఆయన కట్టిన చిన్న ఊరు, 1871లో పట్టణమైంది. 1959లో పక్కనే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు పుట్టింది, 1965లో అక్కడికి ఐబీఎం వచ్చింది, 1980లో శాస్ సాఫ్ట్‌వేర్ సంస్థ క్యారీకి మారింది. వాటి వెనకే మేం వచ్చాం. చాతం స్ట్రీట్‌లో ఇండియన్ దుకాణాలు, తెలుగు సినిమాలు కూడా ఆడిన గెలాక్సీ థియేటర్, 2009లో తెరిచిన వేంకటేశ్వరస్వామి గుడి, ఆ వరుసలో మా ఊరు పెరిగింది. మేం వచ్చిన కొత్తలో మాకు ఇక్కడ లేనిదల్లా ఆట.

వచ్చిన కొన్నాళ్లకే నవంబరు 8 వచ్చింది. లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్‌తో వన్డే. మాకు ఇక్కడ ఆదివారం రాత్రి పదిన్నర. అపార్ట్‌మెంట్‌లో ఫోన్‌లైను మీద ఇంటర్నెట్. క్రిక్‌ఇన్ఫో పేజీ తెరిచి, అది కిందికి దిగేదాకా ఆగి, మళ్లీ రిఫ్రెష్ కొట్టి కూర్చున్నాను. ఆ క్రిక్‌ఇన్ఫో పుట్టింది కూడా అమెరికాలోనే. 1993లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉన్న సైమన్ కింగ్ మొదలుపెడితే, స్కోరు కోసం అల్లాడే విదేశీ విద్యార్థులు చేతులు కలిపి పెంచిన వ్యవస్థ అది. ఆ రాత్రి సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153, ఇద్దరి మధ్య 331 పరుగులు. రెండు వికెట్లకు 376. నా తెర మీద అంకెలు మారుతున్నాయి, అంతే. ఆ మైదానంలో ప్రతి మెట్టూ నాకు తెలుసు. నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరం ఏ వైపు కనబడుతుందో తెలుసు. మధ్యాహ్నం రెండింటికి నీడ ఏ స్టాండు మీదికి జరుగుతుందో తెలుసు. ఇన్ని తెలిసి కూడా ఏమీ కనబడకపోవడం ఎంత కష్టమో ఆ రాత్రి తెలిసింది.

నాన్న మైదానంలో ఉన్నారు. మర్నాడు ఫోన్ కార్డు కొని మాట్లాడాను.

"సచిన్ సిక్సులు ఎలా కొట్టాడు నాన్నా?" అని అడిగాను.

"సిక్సులు పేపర్లో వేస్తార్లేరా. ద్రవిడ్ పరుగులు తీయడం చూడాల్సింది. సచిన్ బంతి కొట్టీ కొట్టకముందే ఆయన సగం దూరంలో ఉండేవాడు. రెండో పరుగుకి తిరిగేటప్పుడు బ్యాటు నేలకి ఎంత సేపు తాకిందో చెప్పలేం. అలా రోజంతా. ఒక్కసారి కూడా ఇద్దరూ ఒకర్నొకరు గట్టిగా కేకేసుకోలేదు."

కార్డులో నిమిషాలు అయిపోయేదాకా నాన్న ఆ పరుగుల గురించే చెప్పారు. నేను తర్వాత హైలైట్స్ చూశాను. వాటిలో సింగిల్స్ లేవు, డబుల్స్ లేవు. ఒక భాగస్వామ్యాన్ని భాగస్వామ్యంగా చూసింది నాన్న. నాకు దొరికింది రెండు స్కోర్లు.

2001 మార్చిలో కోల్‌కతాలో మా హైదరాబాదీ లక్ష్మణ్ 281 చేసినప్పుడూ అంతే, రాత్రి పదకొండుకి మొదలయ్యే రోజు, పొద్దుటికి ఒక్క వికెట్టూ పడని అంకెలు. 2003 ప్రపంచకప్ నాటికి డిష్ ప్యాకేజీలు వచ్చాయి. నలుగురైదుగురం డబ్బు వేసుకుని ఒకరింట్లో కొన్నాం. సెంచూరియన్‌లో పాకిస్తాన్ మీద సచిన్ 98 కొట్టిన మ్యాచ్ ఇక్కడ తెల్లవారుజామున మూడింటికి మొదలైంది. చెప్పులు వాకిట్లో విప్పి, పిల్లలు లేవకుండా చప్పట్లు కొట్టకుండా, నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని అరిచిన రాత్రి. వంటింట్లో ఉప్మా, ఫిల్టర్ కాఫీ. ఆ గదుల్లోనే మాకు క్యారీలో మొదటి స్నేహాలు కుదిరాయి. టీవీ మనుషుల్ని విడదీస్తుందని అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఒక్కరి దగ్గరే కనెక్షన్ ఉన్నన్నాళ్లూ టీవీ మమ్మల్ని కలిపింది. క్రికెట్ చూపించే విల్లో ఛానల్ అందరి ఇళ్లలోకీ, ఆ తర్వాత అందరి ఫోన్లలోకీ వచ్చాక ఎవరింట్లో వాళ్లు చూడటం మొదలైంది. ఆట ఎంత సులువుగా దొరికితే అంత ఒంటరిగా చూశాం.

జట్టు వెంట ఉండటమంటే ఏమిటో నాకు ఇక్కడ మళ్లీ గుర్తుచేసింది క్రికెట్ కాదు, సాకర్. క్యారీలో 2002లో తెరిచిన సాకర్ పార్కు ఉంది. నార్త్ కరోలినా కరేజ్ మహిళల జట్టుకి అదే సొంత మైదానం. మా పక్కింటావిడ రిటైరైన నర్సు. ఆ జట్టుకి సీజన్ టికెట్ కొంటుంది. 2019 అక్టోబరులో లీగ్ ఫైనల్ ఇక్కడే జరిగి, షికాగో రెడ్ స్టార్స్‌ని 4-0తో కరేజ్ ఓడించిన రోజు నన్నూ, మా అమ్మాయినీ వెంట తీసుకెళ్లింది. ఆవిడ ఆట మొదలయ్యే గంట ముందే వెళ్లి కూర్చుంటుంది. వార్మప్‌లో ఎవరు కాలు చూసుకుంటున్నారో చూస్తుంది. గోల్ పడ్డప్పుడు అందరూ గోల్ వైపు చూస్తే ఆవిడ అవతలి చివర ఒంటరిగా నిలబడ్డ గోల్‌కీపర్ ఏం చేస్తోందో చూస్తుంది. "టీవీలో ఆమె ఎప్పుడూ కనబడదు, ఆమె కోసమే వస్తాను" అంది. మా నాన్నకి ద్రవిడ్ పరుగులెలాగో ఆవిడకి ఆ గోల్‌కీపర్ అలాగ.

ఇక చర్చ్ స్ట్రీట్ పార్కు. మారిస్‌విల్ పురపాలక సంఘం ఈ పార్కుని 2015లో తెరిచింది. మట్టి పిచ్, చుట్టూ పూర్తి కొలతల గడ్డి మైదానం. అమెరికాలో అప్పటికి అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఈ దేశానికి క్రికెట్ కొత్తది కాదు. ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ 1844 సెప్టెంబరులో న్యూయార్క్‌లోనే, అమెరికా కెనడాల మధ్య జరిగింది. ఆ ఆట తూర్పు తీరంలో ఉండి చాలాకాలం నిద్రపోయింది. మా వైపు దాన్ని లేపింది కంప్యూటర్ ఉద్యోగాలకి వచ్చిన మనవాళ్లు. మొదట టెన్నిస్ బంతితో పార్కింగ్ స్థలాల్లో, సాకర్ మైదానాల మూలల్లో ఆడారు. తర్వాత శనాదివారాల లీగులు కట్టారు. పన్ను కట్టే పౌరులుగా ఊరి సభల్లో మైదానం అడిగారు. ఆ అడగడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. హైదరాబాద్‌లో మైదానం మాకు తాతల నాటి నుంచి ఉన్నది. ఇక్కడ అడిగి తెచ్చుకున్నది.

2018 సెప్టెంబరులో అమెరికా, కెనడా, బెలీజ్, పనామా జట్లు ప్రపంచ టీ20 అర్హత పోటీలకి ఇక్కడే ఆడాయి. తర్వాత 2023. విచిత్రమేమిటంటే ఆ మేజర్ లీగ్ క్రికెట్‌ని కట్టినవాళ్లు టీవీ మనుషులే. విల్లో ఛానల్ స్థాపకులు సమీర్ మెహతా, విజయ్ శ్రీనివాసన్, వాళ్లతో టైమ్స్ గ్రూపుకి చెందిన సత్యన్ గజ్వానీ, వినీత్ జైన్. ఇన్నేళ్లు మాకు తెర అమ్మినవాళ్లే ఇప్పుడు గేటు దగ్గర టికెట్ అమ్మారు. పెట్టుబడిదారుల్లో హైదరాబాద్ పబ్లిక్ స్కూలు జట్టుకి ఆడిన సత్య నాదెళ్ల ఉన్నాడు, రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ ఉంది. పార్కులో తాత్కాలికంగా ఇనుప మెట్లు బిగించి సుమారు 3,500 మందికి చోటు చేశారు. అంత చిన్న మైదానంలో బ్యాటర్ గ్లవ్స్ సర్దుకునే చప్పుడు కూడా ముందు వరుసలకి వినబడింది.

2023 జులైలోనే వాషింగ్టన్ ఫ్రీడమ్ తరఫున సౌరభ్ నేత్రవల్కర్ శాన్‌ఫ్రాన్సిస్కో మీద 9 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. ముంబయిలో పుట్టి, భారత్ అండర్-19 జట్టుకి ఆడి, చదువుకోసం అమెరికా వచ్చి, ఒరాకిల్‌లో ఇంజినీరుగా పనిచేస్తున్నవాడు. మాలో ఒకడు అతను. స్టాండ్లలో సగం మంది మెడలో ఉండే ఆఫీసు బ్యాడ్జీ అతనికీ ఉంది. టీవీలో అతని ఎడమచేతి బంతి లోపలికి తిరగడం కనబడింది. మాకు ఓవర్ అయ్యాక అతను ఫైన్‌లెగ్ వైపు నడుస్తూ చేయి విదిలించుకోవడం, తాడు అవతల పిల్లలు పేరు పెట్టి పిలిస్తే తలతిప్పి చూడటం కనబడింది. 2024లో అదే వాషింగ్టన్ జట్టుకి ట్రావిస్ హెడ్ వచ్చాడు, సన్‌రైజర్స్ చొక్కాలు మళ్లీ బయటికి వచ్చాయి. ఆ ఏడాది కప్పు వాషింగ్టన్‌దే.

ఒక్క లోటు మొదటి నుంచీ కనబడింది. ఆరు జట్లలో ఏదీ నార్త్ కరోలినా పేరు పెట్టుకున్నది కాదు. ఇక్కడ ఎక్కువ ఆడింది కాబట్టి వాషింగ్టన్‌ని మేం మాదనుకున్నాం. 2025లో లీగ్ ఓక్లాండ్, గ్రాండ్ ప్రెయిరీ, లాడర్‌హిల్ మైదానాలకి వెళ్లిపోయింది, మారిస్‌విల్‌కి ఒక్క మ్యాచ్ రాలేదు. జులై 13న గ్రాండ్ ప్రెయిరీలో ఎంఐ న్యూయార్క్ చేతిలో వాషింగ్టన్ ఐదు పరుగుల తేడాతో ఫైనల్ ఓడిపోవడం టీవీలో చూశాను. బాగా ఆడారు, బాగా చూపించారు. నాకు ఓటమి తగల్లేదు. అంతకు రెండేళ్ల ముందు ఎండలో ఫైన్‌లెగ్ దగ్గర నిలబడ్డ మనిషి ఆ తెరలో కనబడటం తక్కువ. తప్పు లీగ్‌దని అనను. లెక్క చూసుకునే వ్యాపారం లెక్క చూసుకుంది. కానీ ఊరి పేరు లేని జట్టుకి ఊరిని వదిలి వెళ్లడం సులువు, క్యాజిల్‌ఫోర్డ్ వాళ్లు రోడ్డెక్కింది ఇందుకే.

పెద్ద మ్యాచ్‌లు పోయిన మైదానం పనికిరానిది కాదు. మా లాల్ బహదూర్ స్టేడియం సంగతీ అంతే, 2005లో ఉప్పల్ మొదలయ్యాక దానికి అంతర్జాతీయ మ్యాచ్‌లు లేవు. చర్చ్ స్ట్రీట్ పార్కులో ఇనుప మెట్లు విప్పేశారు గానీ శనివారాల ఆట ఆగలేదు. మడత కుర్చీ తెచ్చుకుంటే చాలు, టికెట్ లేదు. వేసవిలో అక్కడ స్కోరు రాసేది ఎక్కువగా ఆరు నెలల వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు. నిరుటి వేసవిలో తెనాలి నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. పొడుగు రూళ్ల పుస్తకం, రెండు రంగుల పెన్నులు. పరుగు రాని బంతికి చుక్క పెడతారు. ఆ చుక్క ఎక్కడ పెట్టాలో కూడా ఆయనకో పద్ధతి. బ్యాటర్ వదిలేసిన బంతికి గడి పై భాగంలో, ఆడి తప్పిపోయినదానికి మధ్యలో, ఫీల్డర్ ఆపినదానికి కింద. సాయంత్రానికి పేజీ తిప్పి చూస్తే ఏ ఫీల్డర్ వల్ల ఎన్ని పరుగులు ఆగాయో కూడా చెప్పగలరు.

"ఇంత ఎందుకు మాస్టారూ, యాప్‌లో పరుగులు ఎక్కిస్తున్నారుగా?" అని మా లీగ్ కుర్రాడు అడిగాడు.

"పరుగులు ఎక్కిస్తున్నారు నాయనా. ఆపినవాళ్లని ఎవరూ ఎక్కించడం లేదు" అన్నారాయన.

ఇదే నార్త్ కరోలినాలో పెరిగిన తెలుగమ్మాయి గీతిక కొడాలి 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగిన మొట్టమొదటి అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో అమెరికా జట్టుకి కెప్టెన్‌గా వ్యవహరించింది. అదే పోటీలో భారత్ తరఫున భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష ఆడింది, కప్పు భారత్ గెలిచింది. ఇప్పుడు పార్కు నెట్స్‌లో ఆడపిల్లలు బ్యాటు పట్టుకుని వరుసలో నిలబడితే వాళ్ల తల్లులు అడిగే మొదటి పేరు గీతికదే.

2028 జులైలో లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది. 1900 పారిస్ తర్వాత ఇదే మళ్లీ. మ్యాచ్‌లు పొమోనా ఫెయిర్‌గ్రౌండ్స్‌లో. టీవీలో మాకు చక్కగా వస్తాయి, ఇంట్లో కూర్చుని చూడొచ్చు. మా లీగ్ వాళ్లు కొందరు అప్పుడే వెళ్లడానికి డబ్బు పక్కన పెడుతున్నారు. నేనూ వాళ్లతో చేరాను. మాస్టారుగారికి ఆ వేసవికి మళ్లీ వీసా దొరికితే ఆయన్ని కూడా తీసుకెళ్దామని వాళ్లబ్బాయితో మాట్లాడాను. పుస్తకం ఆయన తెస్తానన్నారట, నన్ను బైనాక్యులర్స్ తెమ్మన్నారట.